ఎక్కితే దిగలేని సైకిల్

ఆ రోజుల్లో నా కొలతకు సరిపడే వస్తువు ఈ లోకంలో ఏదీ తయారయ్యేది కాదు. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది గాని, చిల్లకూరులో నా అంత పొడుగు ఆడపిల్ల ఇంకొకతె లేకపోవడం అప్పట్లో పెద్ద కష్టంగానే ఉండేది. అందరూ నిచ్చెన అని పిలిచేవాళ్లు. తడ దగ్గర కంపెనీలో కొత్తగా ఉద్యోగం వచ్చింది. కంపెనీ బస్సు హైవే పక్కన ఆగుతుంది, అక్కడిదాకా సైకిల్ మీద పోవాలి. అంగట్లో దొరికే ఏ సైకిలెక్కినా మోకాళ్లు హ్యాండిల్‌కి కొట్టుకునేవి. (ఒకసారి మోకాలితో బెల్లు కూడా మోగించాను, అనుకోకుండానే.)

గేట్లు, కిటికీ గ్రిల్స్ చేసే మా మామ నా అవస్థ చూసి, ఫ్రేము తనే చేత్తో కడతానన్నాడు. అత్త బట్టలు కుట్టేది కాబట్టి కొలతల బాధ్యత ఆమెది. నడుం నుంచి మడమ దాకా టేపు పెట్టి చూసి, అలవాటు కొద్దీ ఒక మాట అన్నది.

"పెరిగే పిల్ల గదయ్యా, రవంత వదులు పెట్టు."

నేనప్పటికే ఓటు వేసినదాన్ని. అయినా అత్త మాట కాదనడం మామకు తెలియదు. గుడ్డయితే అంచు మడిచి కుట్టొచ్చు, ఇనుప పైపును ఎక్కడ మడుస్తామన్న ఆలోచన ఆ ఇంట్లో ఒక్కరికీ (నాతో సహా) రాలేదు. పని మాత్రం చూడముచ్చటగా సాగింది. మామ పైపులు రంపంతో కోసి, ఒకదాని మూతి ఇంకోదాని గుండ్రానికి అతుక్కునేలా ఆకురాయితో అరగదీసి, ఇత్తడి కడ్డీ కరిగించి సందుల్లో పోశాడు. దారం లాగి వంకర చూశాడు. ఎక్కడా లేదు. పచ్చరంగు వేసి గోడకు ఆనిస్తే పక్కింటాయన వచ్చి, ఈ గేటు ఎవరింటికని అడిగాడు.

సోమవారం పొద్దున్నే అరుగు మీద నుంచి ఎక్కాను. మామ వెనక నుంచి తోశాడు. సందు మలుపు దాకా స్వర్గమే. అక్కడ కాలు ఆనించబోతే నేల అందలేదు. వెనకే పరిగెత్తుకొస్తున్న మామను అడిగాను.

"మామా, దిగేదెట్లా?"

మామ పరుగు ఆపలేదు. "ముందు తొక్కతా ఉండు పాపా, ఆలోచిస్తా" అన్నాడు.

హైవే దగ్గర బస్సు వచ్చి ఉంది. ఆలస్యమైతే ఇంటికి పంపించేస్తానని సూపర్‌వైజర్ ముందే చెప్పి ఉన్నాడు. నేను బస్సు చుట్టూ తిరుగుతున్నాను, లోపలి వాళ్లందరూ ఈ కిటికీ నుంచి ఆ కిటికీకి జరిగి చూస్తున్నారు. టీకొట్టు అక్క గ్లాసులు కడుగుతూనే, కింద పడితే దిగినట్టేనని సలహా ఇచ్చింది. కొత్త యూనిఫారంతో అంత పని చేయలేకపోయాను. అంతలో వరిగడ్డి ట్రాక్టర్ ఒకటి నెమ్మదిగా పక్కకు వచ్చింది. రెండు చేతులా గడ్డిని వాటేసుకున్నాను. సైకిల్ నన్ను వదిలేసి నేరుగా పోయి, రొప్పుతూ అప్పుడే అక్కడికి చేరిన మామ చేతుల్లో పడింది. నేను గడ్డి మీదికి పాకాను. ఈ సంగతి ఏమీ తెలియని ట్రాక్టర్ డ్రైవరు గూడూరు వైపు సాగిపోయాడు. తడ ఉన్నది ఇంకో వైపు.

కంపెనీ బస్సు వెనక్కి తిరిగి, సర్వీసు రోడ్డు మీద హారన్ కొడుతూ మమ్మల్ని తరిమింది. చివరికి ట్రాక్టర్ ఆగాక, జుట్టు నిండా గడ్డితో బస్సెక్కాను. బస్సు మొత్తం ఆలస్యమైంది. గేటు దగ్గర సూపర్‌వైజర్ కారణమడిగితే, "ఈ పాపను గడ్డి మీద నుంచి దించుకోని వచ్చినాం సార్" అన్నాడు మా డ్రైవరు. సూపర్‌వైజర్ తలెత్తి నన్ను చూసి, "రేపట్నుంచి నడిచి రామ్మా" అన్నాడు.

మామ ఆ ఫ్రేము కోసి మళ్లీ అతికాడు. (అంత పొడుగు ఎవరు పెట్టమన్నారని అత్త ఆయన్నే తిట్టింది.) ఈసారి అచ్చంగా నా కొలతే. దాన్ని చాలా ఏళ్లు తొక్కాను, కానీ దాని గురించి చెప్పమంటే ఒక్క ముక్కా గుర్తు రాదు. ఇప్పుడు ఆటో ఎక్కాలన్నా పట్టుకోవడానికి కడ్డీ ఉందా, దిగే చోట బురద ఉందా అని ముందే చూసుకునే మనిషిని నేను. దిగే సంగతి అడక్కుండానే ఎక్కేసిన ఆ పొడుగు పిల్ల ఎక్కడైనా ఎదురైతే బాగుండును, ఆపి పలకరిద్దును. ఆపగలిగితే.