పై వరుసలో ఉన్న ఫోల్డర్

మా కోయంబత్తూరు ఆఫీసులో అట్టతో చేసిన గాడిద తల ఒకటి ఉండేది. నూలు మిల్లుల యంత్రాలను నడిపే ప్రోగ్రాములు రాస్తాం మేము. తలా ఒక ముక్క రాస్తే, మూలనున్న కంప్యూటర్ రోజూ పొద్దున్నే వాటన్నిటినీ తనంతట తానే కూర్చి ఒక్కటి చేస్తుంది. దాన్నే బిల్డ్ అంటాం. ఎవరి ముక్క దగ్గర బిల్డ్ ఆగిపోతే వాళ్లు భోజనాల వేళ దాకా ఆ తల తగిలించుకుని కూర్చోవాలి. ఈ ఆచారం పెట్టింది మా లీడర్ తిరుమారన్. సరదాకేనట!

ఇళవరసి చేరినప్పటి నుంచి ఆ తల ఆమె సొంతమైపోయింది. పొల్లాచ్చి వైపు పిల్ల. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. ఉద్యోగం ఉంచాలా, ఊడబీకాలా అన్నది తిరుమారన్ చేతిలోనే ఉంది.

"ఏమ్మా, గాడిదకి ఇవాళ ఏం గడ్డి కట్టిచ్చారు?" అంటూ ఆమె తెచ్చుకున్న అరిసిపరుప్పు అన్నం, అదే బియ్యమూ పప్పూ కలిపి వండింది, డబ్బా తెరిచి చూసేవాడు. అందరూ పగలబడి నవ్వేవాళ్లు. నవ్వకపోతే రేపు తమకు మూడుతుందని భయం, పిరికి సన్నాసులు.

"నా కంప్యూటర్లో బాగానే వస్తోంది సార్."

"అయితే మిల్లుకి నీ కంప్యూటర్నే పంపిద్దామా?"

ఒకరోజు నేను తప్ప అందరూ టీకి వెళ్లినప్పుడు ఆమె ఆ మూల కంప్యూటర్ ముందు కూర్చుంది. కావలసిన ఫైళ్లను ఏయే ఫోల్డర్లలో వెతకాలో, మేం రాసినదాన్ని యంత్రభాషలోకి మార్చే కంపైలర్‌కు ముందే వరుసగా చెప్పి ఉంచాలి. పైనుంచి వెతుక్కుంటూ వచ్చి, ఆ పేరుతో మొదట కనబడ్డ ఫైలునే అది తీసుకుంటుంది. అన్నిటికంటే పైన తిరుమారన్ సొంత ఫోల్డర్ ఉంది. అందులో అదే పేరుతో ఎప్పటిదో పాత ఫైలు. కొత్తది కింద ఫోల్డర్‌లో పడి ఉంది. ఆ కొత్తదాని అవసరం ఇళవరసి ముక్కకొక్కదానికే.

"అక్కా, సారు ఫోల్డర్‌ని వరుసలో కిందకి దించితే చాలు," అని నాకు చూపించింది.

"సారుకి చెప్పి చెయ్యవే."

"ఎప్పుడో చెప్పా. నా ఫోల్డర్ జోలికి రావద్దన్నారు."

దించేసింది. మర్నాడు బిల్డ్ ఆగకుండా పూర్తయింది. ఆనందం పట్టలేక అందరి ముందూ చెప్పేసింది. "సార్, మీ ఫోల్డర్ పైనుండటం వల్లే ఇన్నాళ్లూ ఆగింది!"

"అయితే తల సారుకే తొడగాలి," అన్నారు వెనకనుంచి ఎవరో. గదంతా గొల్లుమంది.

తిరుమారన్ మాత్రం నవ్వలేదు. అనుమతి లేకుండా బిల్డ్ కంప్యూటర్‌ను ముట్టుకుందన్న నేరం మోపి, మధ్యాహ్నానికల్లా ఆమె ఐడీ కార్డు లాగేసుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"మరి ఆ వరుస మళ్లీ మొదట్లాగా మార్చరా సార్?"

"ఎందుకూ? ఇప్పుడు బాగానే నడుస్తోందిగా," అన్నాడు తల తిప్పకుండానే.

గేటు దాకా వెళ్లాను. వాచ్‌మన్ ఆమె సంచీ వెతుకుతున్నాడు.

"వరుస మార్చేశారా అక్కా?"

"లేదమ్మా. నువ్వు పెట్టినట్టే ఉంచారు."

ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. "అయితే తప్పు నాది కాదని సారుకి తెలిసినట్టేగా! మళ్లీ పిలుస్తారేమో అక్కా!"

"తెలిసింది తల్లీ. అందుకే నిన్ను తీసేశాడు."