ఎవరూ పాడుకోని కానుక

ఎమర్జెన్సీ అయిపోయిన మరుసటేడు మదనపల్లి వదిలి కుందారపల్లికి బావులు తవ్వే పనికి పోయినాను. పెండ్లాం చచ్చిపోయి ఆరు నెలలు. ఆడ నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లే లేరు.

ఒక ఆదివారం చర్చికి పోతే ఆ పొద్దు కోత పండుగంట. అందరూ రాగులు, గుమ్మడికాయలు, కోళ్లు తెచ్చి ముందర పెడతా ఉండారు. నా చేతిలో ఏమీ లేదు. సిగ్గుపడి లేచి పోబోతే పక్కనున్న ముసలామె చెయ్యి పట్టుకొనింది.

"యాడికప్పా?"

"ఇచ్చేదానికి ఏమీ లేదమ్మా."

"మనల్నే దేవునికి ఇచ్చుకోమని అయ్యగారు ఇప్పుడే చెప్పినాడు కదా. నువ్వుండావు, పోయి నిలబడు."

నిజమే అనుకొని పోయి గుమ్మడికాయల పక్కన నిలబడినాను.

ప్రార్థన అయినాక అన్నిటినీ ఏలం వేసినారు. మా పక్క ఈ వాడుక లేదు. ఒక్కొక్కటీ ఎవరో ఒకరు పాడుకొని ఎత్తుకొని పోయినారు. కడాకు ఏలం వేసే ఆయన నన్ను చూపించి, "ఈ కాయను ఎవరు పాడతారప్పా?" అన్నాడు. అందరూ నవ్వినారు. ఒక్కరూ పాడలేదు. తల ఎత్తలేకపోయినాను.

ముసలామె మాత్రం నవ్వలేదు. "కోళ్లు, కాయలు అన్నీ మళ్లీ మన ఇండ్లకే పోతా ఉండాయి. దేవునికి మిగిలింది ఈయప్ప ఒక్కడే," అనింది. నా పక్కకు తిరిగి, "ఇంకా అట్లే నిలబడినావేం? దేవుని మనిషివి, పరక తీసుకొని ఊడ్చు," అనింది.

నేలంతా రాగులు, కోళ్ల రెట్టలు. అందరూ ఇండ్లకు పోయినారు. నా కోసం కాచుకొని ఉండేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి నిదానంగా, మూలమూలా ఊడ్చినాను.