కౌసల్యమ్మ పెట్టిన పత్యం

కౌసల్యమ్మంటే నాకు ఒళ్లుమంట. ఆ మాట ముందే చెప్పేస్తే ఓ పనైపోతుంది. నల్గొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి మీర్‌పేట్‌లో స్థిరపడిన మనిషి. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ పిల్లల హాస్టల్లో రోజూ రెండు వందల చపాతీలు చేస్తుంది. కొడుకూ కోడలూ పొద్దున్నే పనులకు పోతారు కాబట్టి ఏడేళ్ల మనవరాలు సంతోషి ఈమె చేతుల్లోనే పెరిగింది. హాస్టల్లో మిగిలిన చపాతీలే చాలా రోజులు ఆ పిల్ల తిండి.

ఏడేళ్లొచ్చినా పద్నాలుగు కిలోలే. పొట్ట మాత్రం ఉబ్బి ఉండేది. ఎల్బీనగర్‌లో వాళ్లు ఎక్కని ఆసుపత్రి మెట్టు లేదు, తాగించని టానిక్కు లేదు. నులిపురుగులన్నారొకరు, దిష్టి అన్నారింకొకరు. గోధుమ పడకపోవడం ఉత్తరాదివాళ్ల జబ్బని ఒక డాక్టరు తేల్చేశాడట. పొద్దున పూరీ, సాయంత్రం బిస్కెట్లు, రాత్రి చపాతీ తింటూ, జబ్బు మాత్రం మన గడప తొక్కకూడదంటే ఎలా?

నేను పిల్లల ఆసుపత్రిలో ఏం తినాలో, ఏం తినకూడదో చెప్పే ఉద్యోగిని. చివరికి సంతోషిని అక్కడికి తెచ్చినప్పుడు, రక్తపరీక్షలో సీలియాక్ అనే గోధుమ పడని జబ్బు ఉందేమోనన్న అనుమానం వచ్చింది. గోధుమలోని జిగురును పేగు గోడలోని కాపలా కణాలు శత్రువనుకుని తిరగబడతాయి. ఆ పోరులో గోడే దెబ్బతింటుంది. ఖాయం చేసుకోవాలంటే గొట్టం వేసి పేగులోంచి చిన్న ముక్క తీసి చూడాలి. పిల్లకు రక్తం మరీ తక్కువగా ఉండడంతో రెండు నెలలు ఆగాల్సి వచ్చింది. అప్పటిదాకా చపాతీ ఆపొద్దని మూడుసార్లు చెప్పాను, కాగితం మీద రాసిచ్చాను. కౌసల్యమ్మ గంగిరెద్దులా తలూపింది.

తీరా ముక్క తీసి చూస్తే గోడ దాదాపు మామూలుగానే ఉంది. ఏమీ తేల్చలేమన్నారు. నాకు అనుమానమొచ్చి ఇంట్లో ఏం పెట్టారని అడిగాను.

"పత్యం పెట్టిన మేడమ్. చారన్నం, పెసరకట్టు. గోధుమ పడదని మీరే అంటిరి. పానం మంచిగలేని పిల్లకు పడనిది ఎవలన్న పెడ్తరా? కిలోన్నర పెరిగింది సూడుండ్రి."

ముఖంలో ఎంత గర్వమో!

"పడనిది తింటుంటేనే కదమ్మా లోపలి గొడవ కనబడేది! దొంగను సాగనంపి పోలీసులను పిలిచినట్టుంది మీ పని."

"గట్లయితే ఇగ తినకుంటనే ఉంటది. మల్ల పరీక్ష ఏంటికి?"

"ఎన్నాళ్లు? ఇది బతికినంతకాలం మానాల్సిన తిండి. బడిలో ఒకరు కేకు పెడతారు, పెళ్లిలో ఒకరు పూరీ వడ్డిస్తారు. జబ్బేదో తేలకపోతే ఏడాదికి మీరే మర్చిపోతారు. పైగా ఇది ఇంకేదో జబ్బయితే?"

రోజుకు రెండు చపాతీలు, ఎనిమిది వారాలు పెట్టి మళ్లీ ముక్క తీసి చూద్దామన్నారు డాక్టరుగారు. ఈసారి నేను ఆమెను నమ్మలేదు. రోజూ ఫోన్ చేసి సతాయించాను. మూడో వారంలో ఆమే చేసింది.

"విరేచనాలైతున్నయ్ మేడమ్. కడుపు నొస్తుందని పొర్లి పొర్లి ఏడుస్తుంది. ఆపుదునా?"

"ఆపొద్దు. రేపు తీసుకురండి," అన్నాను. విసుగ్గానే అన్నాను. డాక్టరుగారు చూసి, ఎనిమిది వారాలు అక్కర్లేదు, ఇంకో వారం పెడితే చాలన్నారు. ఆ వారం కూడా కౌసల్యమ్మే తన చేత్తో ముక్కలు తుంచి తినిపించింది.

రెండోసారి రిపోర్టులో సందేహానికి చోటులేదు. గోడ చదునైపోయింది, కాపలా కణాలు కిక్కిరిసి ఉన్నాయి. నేనేదో గెలిచినట్టు సంబరంగా చదివి చెప్పాను. ఆమె అంతా విన్నది.

"పోయినసారి ఆ గోడ మంచిగుండె గద మేడమ్?"

"ఉందమ్మా."

"ఇప్పుడు పాడైంది నేను తినిపించిన చపాతీలతోనేనా?"

రిపోర్టు మడిచి పక్కన పెట్టాను. అవునన్నాను. గోధుమ మానేస్తే పేగు మళ్లీ బాగవుతుందని గబగబా చెప్పుకొచ్చాను. ఆమె చెవికెక్కినట్టు లేదు. సంతోషిని ఒళ్లోకి లాక్కుని, చంటిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుంది.

"ఇయ్యాల్టి సంది అన్నమే పెట్టొచ్చా మేడమ్?" అని నన్ను అడిగింది.