తెరుచుకునే తలుపు

కళ్లజోళ్ల దుకాణం నడిపే ఆయన ఏ పనీ హడావుడిగా చేయడు. పొద్దున్నే తన నీలం కారును తుడుచుకుంటాడు, భోజనం సంచిని పక్క సీట్లో పెట్టి దానికి బెల్టు తగిలిస్తాడు. లేకపోతే సంచి బరువుకే ఎవరో కూర్చున్నారనుకుని కారు కుయ్యిమని గోల పెడుతుంది. మొన్న మలుపులో ఒక వ్యాను ఆ పక్క తలుపును గుద్దేసి పోయింది. తలుపు బిగుసుకుపోయింది. మెకానిక్ షెడ్డులో ఆయన వంగి, కళ్లద్దం మీద గీతను వెతికినట్టు ఆ సొట్టను వేలితో తడిమాడు.

"కొత్త తలుపంటే జేబుకు చిల్లే సార్," అన్నాడు మెకానిక్. "సొట్ట లాగేసి రంగు కొట్టేస్తా. తెరుచుకోదు గానీ చవగ్గా అయిపోతుంది. అయినా ఆ పక్క ఎవరు కూర్చుంటారు? రోజూ చూస్తున్నాగా, మీరొక్కరే కదా!"

ఒకప్పుడు తన భార్య కూర్చున్న ఆ సీటు వైపు ఆయన ఒకసారి చూసి, చుట్టూ వెతకసాగాడు. షెడ్డు వెనక పాత సామాన్ల గుట్టలో ఒక తెల్ల తలుపు కనిపించింది.

"అది దీనికి సరిపోతుందా?"

"సరిపోతుంది. కానీ రంగు ఖర్చు..."

"రంగొద్దు. తెరుచుకుంటే చాలు."

"నీలం కారుకు తెల్ల తలుపా! నలుగురూ నవ్విపోతారు సార్."

"నవ్వితే నవ్వనీవయ్యా."

సాయంత్రం కారు తీసుకోవడానికి వచ్చినప్పుడు ఆయన ముందు చుట్టూ తిరిగి వెళ్లి ఆ తెల్ల తలుపును బార్లా తెరిచాడు. ఒక మనిషి నిదానంగా ఎక్కి, సర్దుకుని కూర్చునేంతసేపు అలాగే పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత, ఎవరి వేళ్లూ నలగకుండా చూసుకుని, మెల్లగా వేశాడు.