కోబే పొట్లం

ఆ రోజుల్లో భయమంటే పరీక్షలే అనుకునేవాణ్ణి. అందుకే చదువు మధ్యలో ఆపేశాను. అసలు భయం ఇంగ్లండ్‌లోని మిల్టన్ కీన్స్‌లో, మా మేనత్త వంటగదిలో కాచుకుని ఉందని అప్పటికి తెలియదు. అత్త ఆస్పత్రిలో డాక్టరు. మాంసం వండిన ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టదు (పార్టీలకి సొంత గ్లాసు పట్టుకెళ్ళేది). అంతటి మనిషి, నన్ను నమ్మి తన ఇంట్లో ఓ గది ఇచ్చింది.

గోదాముల వరుసలో ఓ టేక్‌అవే వంటగదిలో డెలివరీ పని దొరికింది. బోర్డు లేదు, కూర్చుని తినే చోటూ లేదు. చేరిన మొదటి రోజే ముసలి సేఠ్ "ఇంటికి తీసుకుపో" అంటూ వేడివేడి పొట్లం చేతిలో పెట్టాడు. దాని మీద 'కోబే' అని అచ్చు. తెరిచి చూస్తే కట్లెట్లు. కట్లెట్ అంటే మా ఊరి బండి మీద కూరగాయలదే (ఇంకో రకం ఉంటుందని ఎవరనుకుంటారు?). నేరుగా తెచ్చి, ఆస్పత్రి డ్యూటీ ముగించుకుని ఆకలితో వచ్చిన అత్త ముందు పెట్టాను. నిలబడే ఒకటి లాగించేసి రెండోది కొరికింది.

అక్కడే పుట్టిన మా మరదలు పొట్లం చూసి, "మమ్, కోబే ఈజ్ ఫేమస్ ఫర్ బీఫ్!" అంది.

అత్త నమలడం ఆగిపోయింది. "ఒరేయ్, ఏమిట్రా ఇది?"

"జపాన్‌లో ఓ ఓడరేవట అత్తా... ఫ్యాక్టరీలూ అవీ..." ఫోన్లో వెతుకుతూ నసిగాను.

"నేనడిగింది భూగోళం కాదురా, నా నోట్లో ఏముందని!"

అత్త సింకు దగ్గరకి పరిగెత్తింది. "గంగాజలం సీసా ఏదీ?" అని అరుస్తూనే పుక్కిలిస్తోంది. నేను మనసులో సూట్‌కేసు సర్దుకుంటూ, సేఠ్‌కి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాను.

"బీఫా! అరే బాప్‌రే!" హిందీలో కేకేశాడు సేఠ్. "మేం జైనులం బేటా! నేను పుట్టింది కోబేలోనే. మా నాన్న అక్కడ ముత్యాల వ్యాపారం చేసేవారు, మా గుడి కూడా ఉంది. ఊరి మీద బెంగతో పెట్టుకున్న పేరది. అరటికాయ కట్లెట్ తిన్నారు మీరు. ఉల్లిపాయ కూడా వెయ్యను!"

అత్త కుళాయి కట్టేసింది. మూతి తుడుచుకుని, మిగిలిన ముక్క అందుకుంది. "ఉప్పు తగ్గిందని చెప్పు మీ సేఠ్‌కి."

ఇప్పటికీ, తెలియని ఊరి పేరున్న పొట్లం ఏది చేతికొచ్చినా ముందు నేనొక ముక్క తిని, కాసేపాగి, తర్వాతే అత్తకిస్తాను. నేను తిన్నంత మాత్రాన అందులో ఏముందో నాకేం తెలుస్తుంది? అయినా ఆనాటి కుర్రాడి భయం ఇంకా నాలోనే కాపురముంటోంది. ఖాళీ చెయ్యమని చెప్పడానికి ఎందుకో నాకే మనసొప్పదు.