లీవర్ లాగితే మేక అరిచింది

మా ఆయన పోయాక రైల్వేలో ఆయన ఉద్యోగం నాకిచ్చారు. కొత్తగూడెం దారిలో, అడవి అంచున చిన్న స్టేషన్. కేబిన్‌లో ఇనుప లీవర్ లాగితే, నేల మీదుగా పోయే తీగ సాగి, దూరంగా సిగ్నల్ రెక్క వాలుతుంది. అప్పుడే బండి లోపలికి వస్తుంది.

"వారం చూస్త. చేతగాకపోతే వేరే ఊరికి పంపుడే" అన్నాడు స్టేషన్ మాస్టరు. ఇద్దరు చిన్నపిల్లలతో నేనెక్కడికి పోను?

ఏడో రోజు పొద్దున బొగ్గు బండి వచ్చింది. లీవర్ లాగితే సగం వచ్చి ఆగిపోయింది. కాలు తన్నిపెట్టి లాగినా రాలేదు. అవతల ఇంజను ఒకటే కూత.

"జరుగమ్మా, నీతోని గాదు" అని మాస్టరే రెండు చేతులా గుంజాడు. కిందనుంచి "మ్మే" అని అరుపు వినిపించింది.

"ఏందిది, లీవర్ గిట్ల మొత్తుకుంటది?"

అప్పుడు గుర్తొచ్చింది. ఇంటి దగ్గర చూసేవాళ్లు లేక, మేకను తెచ్చి పొదల్లో ఆ తీగకే కట్టేశాను.

"సారూ, అది లీవర్ గాదు, మా మేక!"

దిగి ఉరికాను. మేక తాడు, తీగ పోయే గిలకలో ఇరుక్కుంది. గడ్డి కొడవలితో తెగ్గోశాను. మేకకేం కాలేదు. పైకొచ్చి ఒక్క గుంజు గుంజితే సిగ్నల్ పడింది, బండి కదిలింది.

ఇక పంపించేస్తాడనుకున్నా. మాస్టరు పడీ పడీ నవ్వాడు.

"మేకతోని కలిపి సగం దాక గుంజినవంటే నీ చేతుల్ల తాకత్ ఉందమ్మా. రేపటిసంది ఒక్కదానివే చూస్కో."

రిటైరయ్యేదాకా అక్కడే చేశాను. ఏ పనైనా ముందుకు కదలకపోతే ఇప్పటికీ నన్ను నేను తిట్టుకోను. ముందు అవతల ఏం కట్టి ఉందో చూస్తాను.