మందు నిలవని నీళ్లు

ఇంకా చీకటి విడవకముందే రామచందర్ చెప్పులు తొడుక్కుంటుంటే, సౌభాగ్య దుప్పట్లోంచే అడిగింది.

"ఏంది, గింత పొద్దుగాల? ఆ టబ్బు నీకోసం ఏడుస్తున్నదా?"

"అది ఏడుస్తలేదు. నన్ను ఏడిపిస్తున్నది."

"ఇయ్యాల గిన నీళ్లు ఖరాబైతే నౌకరీ పోతదన్నవ్ గదా?"

"ఔ. జర నువ్వు గుర్తుచెయ్యకు, పుణ్యముంటది."

నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలోంచి అబిడ్స్ దాకా నడకే. రామచందర్ చొక్కాలన్నిటి మీదా తెల్ల మచ్చలుంటాయి. ఎంత ఉతికినా పోవు. క్లోరిన్ పడి రంగు ఎగిరిపోయిన చోట్లు అవి. వయసంతా ఈతకొలనులకు మందు కలపడంలోనే గడిచింది. నీళ్లు బాగున్నన్నాళ్లూ వాటిని చూసుకునే మనిషి ఒకడున్నాడని ఎవరికీ గుర్తుండదు. ఎవరి ఒంటి మీదైనా దద్దుర్లు లేచాయా, అందరికీ అతని పేరు నోటికొస్తుంది.

విద్యాసాగర్ నడిపే ఫిజియోథెరపీ సెంటర్‌లో టబ్బు మేడ మీద ఉంది. మూతబడ్డ ఒక రిసార్టు నుంచి కొనుక్కొచ్చిన పాత హాట్ టబ్. ఆరుగురు కూర్చోవచ్చు. వేడినీళ్లు గొట్టాల్లోంచి బుసకొడుతూ వచ్చి నడుములకూ మోకాళ్లకూ తగులుతాయి. వేడినీళ్లలో కంటికి కనబడని పురుగు తొందరగా పుడుతుంది, మందు తొందరగా చస్తుంది. అందుకే దాన్ని రోజూ కాపలా కాయాలి.

ఈ టబ్బులో మందు నిలవడం లేదు. అతను సాయంత్రం కొలిచి వేస్తాడు. పరీక్ష పట్టీ ముంచితే, మందుందన్నట్టు ఊదారంగు తిరుగుతుంది. మూత కప్పి ఇంటికి పోతాడు. పొద్దున వచ్చి ముంచితే పట్టీ తెల్లగా పాలిపోయి ఉంటుంది. రాత్రంతా కప్పి ఉన్న నీళ్లలో మందునెవరు తాగుతున్నారు? బేగం బజార్‌లో కొన్న పొడి పాతదేమోనని కొత్త డబ్బా తెచ్చాడు. పాత టబ్బు కదా, గొట్టాల్లో జిగురు పేరుకుందేమోనని కడిగాడు. నల్లటి పొట్టు ఊడి వచ్చింది. దొంగ దొరికాడనుకున్నాడు. మర్నాడు పట్టీ మళ్లీ తెలుపే. ఇక చేసేది లేక మోతాదు పెంచుతూ పోయాడు. ఘాటు పెరిగింది గానీ మందు నిలవలేదు.

పోయిన వారం ఒకాయన వీపంతా ఎర్రటి పొక్కులతో వచ్చి విద్యాసాగర్ మీద కేకలేశాడు. విద్యాసాగర్ కేకలేయలేదు. "ఇంకొక్కరికి ఇలా అయితే నువ్వు రానక్కర్లేదు, రామచందర్" అన్నాడు మెల్లగా. ఇవాళ నాగవల్లి టీచర్ మొదటిసారి టబ్బులో దిగబోతోంది. మోకాలికి ఆపరేషన్ అయింది. కుట్లు ఈమధ్యే మానాయి. పైన చర్మం ఇంకా లేతగా ఉంది.

అందుకే రోజూ వచ్చే వేళకన్నా ముందే మెట్లెక్కాడు. టబ్బు మూత అప్పటికే తీసి ఉంది.

విద్యాసాగర్ తల్లి కామాక్షమ్మ గట్టు పట్టుకుని వంగి, చెంబులోంచి ఏదో నీళ్లలో పోస్తోంది. తాతల నాడు గుంటూరు నుంచి వచ్చిన కుటుంబం. కింది అంతస్తులోనే ఉంటారు. అందరికన్నా ముందు, తను రాకముందే, ఆవిడ కాసేపు టబ్బులో కూర్చుంటుందని అతనికి తెలుసు. ఒక్క ముసలావిడ వల్ల ఏమైపోతుందిలే అనుకున్నాడు. ఇప్పుడు చూస్తుంటే నీళ్ల మీద పచ్చటి మబ్బు పరుచుకుని, నీళ్లు తిరుగుతున్నకొద్దీ పలచబడి, మెల్లగా రంగు విరిగిపోయింది.

"అమ్మా! ఏం పోస్తున్రు అండ్ల?"

"గుండాగిపోయేలా అరుస్తావేంటయ్యా! పసుపు. వేపాకు కషాయంలో కలిపా."

"ఎందుకు?"

"ఎందుకేంటి? ఎవరెవరో దిగిపోతారు. ఏ పుండ్లున్నవాళ్లో, ఏ ఇంటివాళ్లో! శుద్ధి చేసుకోకుండా ఎలా దిగను?"

"ఎప్పటిసంది పోస్తున్రు?"

"మొదట్నుంచీ. అప్పుడు చిటికెడే వేసేదాన్ని. ఆ పాడు మందు నువ్వు కుమ్మరించడం మొదలెట్టాక ఒళ్లంతా ఒకటే దురద. దానికి విరుగుడని దోసెడు వేస్తున్నా."

రామచందర్ గట్టు మీద కూలబడ్డాడు. నీళ్లలో ఏది పడితే దాన్ని కరవడమే మందు పని. ఇది పురుగు, ఇది పసుపు అని దానికి తేడా తెలియదు. సాయంత్రం వేసిందంతా పొద్దున పసుపును కరిచి చచ్చిపోతోంది. ఆ ఘాటు చచ్చిన మందుది. అతను పోసినకొద్దీ ఆవిడకు దురద, ఆవిడ పోసినకొద్దీ అతనికి తెల్ల పట్టీ. మధ్యలో పురుగులు పండగ చేసుకున్నాయి.

"ఏ ఇంటివాళ్లో" అన్న మాట మాత్రం అతని ఒంట్లో ముల్లులా దిగబడింది. పొద్దున్నే అతనికి కాఫీ ఇచ్చే స్టీలు గ్లాసు పిట్టగోడ మీద విడిగా బోర్లించి ఉంది.

"సాగర్‌కి చెప్పకయ్యా" గొంతు తగ్గించింది కామాక్షమ్మ. "తెలిస్తే నన్ను మేడ ఎక్కనివ్వడు. ఈ నీళ్లలో కూర్చుంటేనే నా మోకాళ్లు వంగేది."

లిఫ్టు తలుపు చప్పుడైంది. విద్యాసాగర్ గబగబా వచ్చాడు.

"నాగవల్లి గారు వచ్చేశారు. పట్టీ చూపించు."

రామచందర్ ముంచి చూపించాడు. తెలుపు.

"ఇదేంటి! మందెయ్, తొందరగా!"

వేశాడు. నీళ్లు తిప్పి మళ్లీ ముంచాడు. ఊదారంగు వచ్చింది.

"బాగానే ఉందిగా. పిలుస్తున్నా."

ఆ రంగు ఎంతసేపుంటుందో రామచందర్‌కు తెలుసు. టీచర్ దిగేవరకూ ఉంటుంది, లేచేవరకూ ఉండదు. చేతిలో రంగున్న పట్టీ ఉంది. అది చూపించి ఊరుకుంటే ఇవాళ్టికి నౌకరీ నిలుస్తుంది.

చేతికర్ర ఊతంతో నాగవల్లి వచ్చింది. చీర కాస్త ఎత్తి పట్టుకుంది. మోకాలి మీద గాటు గులాబిరంగులో మెరుస్తోంది.

"ఏం సారూ, గీ బగోన్ల నన్ను ఉడకబెడ్తరా ఏంది?" అని నవ్వింది.

రామచందర్ వంగి, కింది వాల్వు తిప్పేశాడు. నీళ్లు భళ్లున నేల మీదికి దూకాయి.

"ఏయ్! ఏం చేస్తున్నావ్?"

"ఖాళీ చేస్తున్న సార్. గీ నీళ్లల్ల మందు ఆగదు. మీరు చూసింది ఉత్త రంగు. మేడం మోకాలి మీద కొత్త తోలున్నది. నేను దింప."

"ఎందుకు ఆగదు? మరి ఇన్నాళ్లూ నువ్వేం చేస్తున్నావ్?"

కామాక్షమ్మ చెంబును కొంగు చాటుకు లాక్కుంది. రామచందర్ ఆవిడ వైపే చూశాడు. పసుపు మాట నోటి దాకా వచ్చింది. ఆగింది దయతో కాదు. చెబితే నమ్మేదెవరు? తల్లి మీద చాడీ చెప్పిన పనివాడిగా మిగిలిపోతాడు.

"పడరానిది పడుతున్నది సార్. రేపటిసంది పడదు" అన్నాడు, ఆవిడ మీద నుంచి చూపు తిప్పకుండానే.

"పడదని నువ్వు చెబితే సరిపోతుందా? రేపట్నుంచి నువ్వసలు..."

"రేపట్నుంచి ఏంట్రా?" అంది కామాక్షమ్మ. "నీళ్లు తీసెయ్యమన్నది నేనే. ఒళ్లంతా దురద పెడుతోందని ఎన్నాళ్లుగా మొత్తుకుంటున్నా? నా మాట నువ్వు విన్నావా?"

విద్యాసాగర్ క్షమించమన్నట్టు నాగవల్లి వైపు తిరిగాడు. పసుపు సంగతి మాత్రం ఆవిడ ఎత్తలేదు. చెంబు కొంగు చాటునే ఉంది.

"పోనీ తియ్యి, నేను ఎల్లుండొస్త" అంది నాగవల్లి. "మోకాలేమన్న ఉరికిపోతదా?"

ఆ రోజంతా రామచందర్ టబ్బు తోమాడు. గొట్టాలు కడిగాడు. కొత్త నీళ్లు పట్టి, మొదట్లో వేసే మోతాదే వేశాడు. రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు వస్తూనే పట్టీ ముంచాడు. ఊదారంగు. ఎండెక్కాక మళ్లీ ముంచాడు. అదే రంగు.

టబ్బు గట్టుకు ఒక పక్కన, గడపకు రాసినట్టు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టి ఉంది. నీళ్లలో మాత్రం నలుసు లేదు. గట్టంతా తుడిచి, ఆ బొట్టున్న చోటు వదిలేశాడు.

కాఫీ వచ్చింది, పిట్టగోడ మీది గ్లాసులోనే. రామచందర్ తాగి, కడిగి, దాన్ని మళ్లీ అక్కడే బోర్లించాడు.